నష్టాన్ని మోయకండి, రాయండి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి తెల్లారాక తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు దాకా ఏ ఊరికి వెళ్ళినా ఒకే దృశ్యం. ఎగిరిపోయిన రేకు ఎవరి దొడ్లో పడిందో వెతుక్కునేవాళ్ళు, తడిసిన బియ్యం బస్తాలు అరుగు మీదికి లాగేవాళ్ళు, విరిగిన కొమ్మలు నరికేవాళ్ళు. మధ్యాహ్నానికి తాపీమేస్త్రి కోసం ఫోన్లు. సాయంత్రానికి సగం ఇళ్ళు మళ్ళీ కప్పు కిందికి వచ్చేస్తాయి. కష్టాన్ని ఇంత తొందరగా సర్దుకునే జనం నాకు మరెక్కడా కనిపించరు. 1977 ఉప్పెన, 1996 నవంబరు తుపాను, 2023 డిసెంబరు మిచాంగ్. డెల్టాలో పుట్టినవాడికి గాలివాన కొత్తా?

ఓర్పులో మనకు వంక పెట్టనక్కర్లేదు. వెనకబడింది ఇంకో విషయంలో. పోయినదాన్ని తేదీతో, కొలతతో, ఫోటోతో కాగితం మీద పెట్టడం మనకు రాదు. పెట్టాక, ఇవ్వాల్సినవాణ్ణి తడబడకుండా అడగడం రాదు. ‘కాదు’ అంటే ఎందుకు కాదో రాసివ్వమనడం అసలే రాదు. పైకప్పు పోయిన మనిషి ఆఫీసు గుమ్మం ముందు రెండు రకాలుగా ప్రవర్తిస్తాడు. చేతులు కట్టుకుని బతిమాలతాడు, లేకపోతే బల్ల గుద్ది అరుస్తాడు. రెండూ ఒకే బలహీనతలోంచి వస్తాయి: తన చేతిలో ఏముందో తనకు తెలియకపోవడం. ఇంటి బీమా క్లెయిము ఈ బలహీనత పోగొట్టుకోవడానికి మంచి పాఠశాల. అక్కడ కన్నీళ్ళు చెల్లవు, కేకలు చెల్లవు. వివరం చెల్లుతుంది.

ముందు మీ ఇంటికి బీమా ఉందో లేదో చూడండి. ‘మాకెక్కడిది’ అనకండి. గృహరుణం తీసుకుని ఇల్లు కట్టుకున్నవాళ్ళలో చాలామందికి బ్యాంకు ఆ రోజే ఒక పాలసీ కట్టించి ఉంటుంది. ప్రీమియం రుణఖాతాలోంచే వెళ్ళిపోతుంది. పాలసీ కాగితం రుణం పత్రాల మధ్య ఎక్కడో ఉంటుంది, లేదా మీ చేతికి రానే రాదు. బ్యాంకుకు వెళ్ళి అడగాల్సిన ప్రశ్న సూటిగా ఉండాలి: ‘నా రుణానికి జోడించిన బీమా నా ప్రాణానికా, ఇంటికా?’ ఎందుకంటే రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. రుణం తీసుకున్న మనిషి పోతే అప్పు తీర్చే జీవిత బీమా వేరు. గాలికి కప్పు ఎగిరితే డబ్బిచ్చే పాలసీ వేరు. మొదటిది ఉన్నవాడు రెండోదీ ఉందనుకుని హాయిగా పడుకుంటాడు. రెండోది ఉన్నా అది ఇంటి కట్టుబడి మొత్తానికా, అప్పు మిగిలిన మేరకేనా అని కూడా అడగండి. గడువు దాటిందేమో చూడండి.

లేనివాళ్ళకు దారి సులువుగానే ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఇళ్ళకు అగ్నిప్రమాద బీమా అమ్మే సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే మూసలో పాలసీ ఇవ్వాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. అగ్నిప్రమాదంతో పాటు పిడుగు, తుపాను, గాలివాన, సుడిగాలి, వరద, ముంపు, భూకంపం, ఇల్లు నిలిచిన నేల కుంగడం, నీళ్ళ ట్యాంకు పగలడం కూడా ఇందులోకి వస్తాయి. బీమా మొత్తం స్థలం విలువ మీద లెక్కించరు. ఇంటి లోపలి వైశాల్యాన్ని ఈనాటి కట్టుబడి ఖర్చుతో హెచ్చవేస్తారు. ఏలూరులో మీ స్థలం గజం ఎంత పలుకుతున్నా ఆ లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. గాలివాన స్థలాన్ని ఎత్తుకుపోదు కదా. ఇంటికి చేయిస్తే లోపలి సామాన్లకు కూడా బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతటదే వర్తిస్తుంది. నగలకు విడిగా చెప్పి రాయించుకోవాలి. నగదుకు వర్తించదు. తాడేపల్లిగూడెంలో గోదాము ఉన్నవాళ్ళు, చుట్టుపక్కల కోళ్ళషెడ్లు, చిన్న మిల్లులు నడిపేవాళ్ళు ఇంటి పాలసీ చూసి ధీమాపడకూడదు. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాలకు అదే 2021 ఏప్రిల్ 1న ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అని వేరే పాలసీ వచ్చింది.

పాలసీ రాయించేటప్పుడు నిజం చెప్పండి. ముందు రెండు గదులు శ్లాబు, వెనక వంటగది సిమెంటు రేకులు, పశువుల పాక తాటాకు అయితే అలాగే రాయించండి. తాటాకు, గడ్డి, వెదురు కప్పులను బీమా లెక్కలో కచ్చా కట్టడంగా చూస్తారు, వాటికి షరతులు వేరు. అంతా శ్లాబే అని రాయించేస్తే ప్రీమియం దగ్గర సుఖంగానే ఉంటుంది. క్లెయిము దగ్గర ఆ ఒక్క మాట మీ మిగతా మాటలన్నిటినీ అనుమానంలో పడేస్తుంది.

ఇక గాలివాన వచ్చిన రోజు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి కమ్ముకొచ్చే మబ్బు ఒక్కోసారి వడగళ్ళు కూడా తెస్తుంది. 2023 మార్చిలో తెలంగాణలోని వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లగా పరుచుకున్న వడగళ్ళను టీవీల్లో చూసే ఉంటారు. కొల్లేటి వైపు అంత మేర పడటం అరుదు. కానీ నాలుగేళ్ళ ఎండకు పెళుసెక్కిన సిమెంటు రేకుకు పెద్ద పెద్ద వడగళ్ళు పది నిమిషాలు పడ్డా చాలు. పాలసీ కాగితంలో ‘వడగళ్ళు’ అనే పేరు విడిగా కనిపించకపోతే గాభరా పడకండి. గాలివాన అన్న మాట ఉంటుంది, వడగళ్ళు గాలివానతోనే వస్తాయి. క్లెయిములో ‘వడగళ్ళతో కూడిన గాలివాన’ అని పూర్తిగా రాయండి.

వాన వెలిశాక మొదటి పని కప్పు ఎక్కకపోవడం. ఇది గట్టిగా చెబుతున్నాను. తడిసిన సిమెంటు రేకు మీద కాలు పెట్టి లోపలికి పడినవాళ్ళ కథలు ప్రతి మండలంలో ఉన్నాయి. ఎక్కక తప్పదంటే పనివాణ్ణి పిలవండి. చెక్క పరిచి, కింద దూలం ఉన్నచోటే కాలు వేయమనండి. కరెంటు మెయిన్ కట్టేయండి. తడిసిన ఫ్రిజ్, మోటారు పని చేస్తున్నాయో లేదో అని వెంటనే స్విచ్ వేసి చూడకండి.

రెండో పని ఫోను తీయడం. కింద నుంచి, నిచ్చెన మీద నుంచి, ఎదురింటి డాబా మీద నుంచి ఫోటోలు తీయండి. ముందు ఇల్లు మొత్తం కనిపించేలా, తర్వాత ఆ గది, ఆ తర్వాత ఆ పగులు. పగులు ఫోటోలో పక్కన ఒక టేపు పెట్టండి. ఇక్కడ కాసేపు ఆగి చెప్పాలి, ఎందుకంటే క్లెయిము సగం ఇక్కడే గెలుస్తుంది, ఇక్కడే పోతుంది. పాత పగులు అంచు నల్లబడి ఉంటుంది, సందులో పాచి, మట్టి పట్టి ఉంటాయి. నిన్న రాత్రి విరిగిన రేకు అంచు తెల్లగా, పొడిపొడిగా ఉంటుంది, వేలితో రాస్తే బూడిద అంటుతుంది. హుక్కు తుప్పు పట్టి రాలిపోతే ఒక తీరు, గాలి ఊపుకు వంగి, రేకులో చిల్లిని చీల్చుకుని వస్తే ఇంకో తీరు. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయరు చూసేది ఇదే. పాతబడి అరిగిపోయినదానికి, ఏళ్ళ తరబడి కారుతున్న శ్లాబుకు పాలసీ డబ్బివ్వదు. కాబట్టి ఆ తెల్లటి అంచు వాన నీటికి, ఎండకు రంగు మారకముందే ఫోటో తీయాలి. విరిగిన ముక్కలు పారేయకండి, గోడ పక్కన పేర్చి ఉంచండి. వంగిన హుక్కులు ఒక డబ్బాలో వేయండి.

మూడోది, నష్టం పెరగకుండా చూడటం. ఇది మీ బాధ్యతని పాలసీయే చెబుతుంది. పట్టా కప్పండి, కారేచోట బొక్కెన పెట్టండి, తడవని సామాను పక్క గదిలోకి మార్చండి. పట్టా కొన్న బిల్లు, కూలి ఇచ్చిన రసీదు దాచండి. ‘సర్వేయరు వచ్చేదాకా ఏదీ ముట్టుకోకూడదట’ అని ఎవరో చెప్పగా విని, ఇంకో వానకు పరుపులన్నీ తడిసేదాకా కూర్చున్నవాళ్ళున్నారు. ఫోటో తీశాక కప్పుకోవచ్చు. కొత్త రేకులు వేసేయడం మాత్రం సర్వేయరు చూశాకే.

అదే రోజు కంపెనీకి ఫోను చేసి క్లెయిము నెంబరు రాసుకోండి. ఫోనుతో ఆగిపోకుండా ఒక మెయిలో ఉత్తరమో పంపండి. క్లెయిము ఫారం నష్టం గమనించిన 30 రోజుల్లోపు ఇవ్వాలని భారత్ గృహ రక్ష నిబంధన. మొదటి సమాచారానికి అన్ని రోజులు ఆగకండి. పంట బీమా ఉన్న రైతులకు ఇంకా బిగువు. వడగళ్ళ నష్టం 72 గంటల్లో చెప్పాలన్నది ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో నియమం.

ఆ ఉత్తరం ఎలా ఉండాలి? మనం మామూలుగా ఇలా రాస్తాం: ‘నిన్నటి గాలివానకు మా ఇల్లు బాగా దెబ్బతిని తీవ్రంగా నష్టపోయాము. కావున తమరు దయతలచి మమ్మల్ని ఆదుకోవలసిందిగా కోరుచున్నాము.’ ఇందులో ప్రతి మాటా నిజమే, ఒక్కటీ ఉపయోగపడదు. ఇలా రాయండి: ‘ఫలానా తేదీ సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో వడగళ్ళతో కూడిన గాలివానకు నా ఇంటి వెనక వంటగది పైకప్పులో ఆరు సిమెంటు రేకులు విరిగాయి, రెండు ఎగిరి పడ్డాయి. లోపలికి నీరు చేరి ఫ్రిజ్, మిక్సీ, రెండు బియ్యం బస్తాలు పాడయ్యాయి. ఫోటోలు జతచేశాను. పాలసీ నెంబరు ఇది. సర్వేయరును పంపగలరు.’ దయ, కరుణ అక్కర్లేదు. మీరు ప్రీమియం కట్టారు, వాళ్ళు మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టమని అడుగుతున్నారు. రోజూ ఇంత పొడి వాక్యం రాయగల మనిషి బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో ఎక్కడైనా తన పని తాను చేసుకురాగలడు. క్లెయిము కోసం నేర్చుకున్నా ఈ అలవాటు క్లెయిముతో ఆగదు.

ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ల ప్రకారం కంపెనీ 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, నివేదిక 15 రోజుల్లో రావాలి, అది అందిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఈ గడువులు మీకు తెలుసన్న సంగతి మర్యాదగా తెలియనివ్వండి. ‘ఏవండీ, నివేదిక ఏ తేదీకి వెళ్తుందో చెబుతారా, రాసుకుంటాను’ అంటే చాలు.

సర్వేయరు వచ్చినప్పుడు ఇంట్లో పదిమంది చుట్టుముట్టి తలా ఒక మాట చెప్పడం మన పద్ధతి. బావగారు ఒక లెక్క, అబ్బాయి ఒక లెక్క, పక్కింటాయన ఇంకొకటి. ఆ రోజు మాట్లాడేది ఒక్కరే అని ముందే అనుకోండి. ఆ ఇంట్లో ఎక్కువసేపు గడిపే ఆడవాళ్ళే మాట్లాడితే మరీ మంచిది, ఏ మూల ఎప్పటి నుంచి కారుతుందో, ఏది నిన్న విరిగిందో వాళ్ళకు తెలిసినంత మగవాళ్ళకు తెలియదు. సర్వేయరుకు మంచినీళ్ళివ్వండి, గౌరవంగా ‘అండీ’ అనండి, వెంట ఉండి ప్రతి గదీ చూపించండి. పాత పగులు ఉంటే అది పాతదేనని మీరే చెప్పండి. ఒకచోట నిజం ఒప్పుకున్న మనిషి మాటకు మిగతాచోట్ల బరువు వస్తుంది. మేస్త్రి చేత రాయించిన అంచనా, హార్డ్‌వేర్ కొట్టు వాళ్ళ ధరల కాగితం చేతికివ్వండి. ఆయన వెళ్ళగానే ఏం చూశారో, ఏం అడిగారో నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి.

కొల్లేటి లంకల్లో కథ వేరు. అక్కడ శత్రువు గాలికన్నా నీరు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు లోకమంతా బెజవాడనే చూసింది. ఆ నీరంతా దిగాల్సింది కొల్లేట్లోకే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ తెచ్చి పోస్తాయి, పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుకే పై ఊళ్ళలో వరద రోజుల్లో దిగిపోయినా మండవల్లి, కైకలూరు మండలాల లంకల్లో నీరు అలాగే నిలబడిపోతుంది. ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డు మీద నీరు పారి రాకపోకలు ఆగిపోతాయి. అలాంటి చోట సర్వేయరు వచ్చేసరికి నీరు తీసి ఉండవచ్చు. గోడ మీద నీరు నిలిచిన గీత మీ సాక్ష్యం. నీరు తీస్తుండగానే ఆ గీత మీద సుద్దముక్కతో తేదీ రాసి, నేల నుంచి టేపు పట్టి ఫోటో తీయండి. పండగ వస్తోందని సున్నం వేసేయడానికి తొందరపడకండి. వరద తీశాక కొన్ని రోజులకు గోడ ఉబ్బడం, గచ్చు కుంగడం బయటపడతాయి. అవి కనబడిన రోజే రెండో ఉత్తరం రాయండి. కొల్లేరు అభయారణ్యం హద్దులో, పట్టా లేని చోట ఉన్న షెడ్లకు బీమా దొరకడమూ కష్టమే, దొరికినా యాజమాన్యం దగ్గర పేచీ వస్తుంది. ఆ ఇబ్బంది గురించి పాలసీ తీసుకునే ముందే అడగాలి.

ప్రభుత్వ సాయాన్ని, బీమాను కలగలపకండి. వడగళ్ళ వాన కూడా కేంద్రం గుర్తించిన ప్రకృతి వైపరీత్యాల జాబితాలో ఉంది. 2022-26 విపత్తు సహాయ నిధి ప్రమాణాల ప్రకారం కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000. సాయం ఇంతే కనుక అక్కర్లేదని వదిలేయకండి. సచివాలయం సిబ్బంది, వీఆర్వో నష్టం అంచనాకు వచ్చినప్పుడు మీ ఇల్లు జాబితాలో ఎక్కేలా చూసుకోండి. ఆ రోజు ఆ ఊళ్ళో గాలివాన నిజంగా వచ్చిందనడానికి అది ప్రభుత్వం రాసిన సాక్ష్యం. తర్వాతి వారం బీమా కంపెనీకి అదే అక్కరకొస్తుంది. మీ ఊరి వార్త వచ్చిన దినపత్రిక జిల్లా పేజీ కూడా దాచండి.

మన పిల్లలున్న అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల వడగళ్ళు పడితే ఇంటి కప్పు మొత్తం మార్చాల్సి రావడం మామూలే. మర్నాడే రూఫింగ్ వాళ్ళు తలుపు కొడతారు. ‘మీ జేబులోంచి పడాల్సిన వాటా మేం చూసుకుంటాం, సంతకం పెట్టండి’ అంటారు. ఆ వాటా మాఫీ చేస్తామనడం నేరమని టెక్సస్ 2019లో చట్టమే చేసింది. ఇక్కడ తలుపు కొట్టేవాళ్ళ మాట ఇంకో రకం: ‘నలభై వేలు పోతే లక్షన్నర అని రాద్దాం, నా వాటా నాకివ్వండి.’ వద్దు. దొంగ బిల్లు ఒక్కటి దొరికినా నిజమైన నలభై వేలు కూడా పోతాయి, మోసం జరిగిందంటూ మొత్తం క్లెయిమే కొట్టేయడానికి కంపెనీకి అధికారం వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. దొంగ లెక్క రాసినవాడు తర్వాత నిలబడి గట్టిగా అడగలేడు. గొంతు వణుకుతుంది.

ఇన్ని చేసినా ‘మీ రేకులు పాతబడి విరిగాయి, క్లెయిము చెల్లదు’ అనో, నలభై వేలకు పన్నెండు వేలే అనో ఉత్తరం రావచ్చు. అక్కడే చాలామంది ఆగిపోతారు. ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి, సర్వేయరు నివేదిక ప్రతి అడగండి. సర్వేయరు నివేదిక ముఖ్యమే అయినా అదే తుది మాట కాదని 2009లో సుప్రీంకోర్టు న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ల మధ్య కేసులో స్పష్టం చేసింది. సమాచారం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును యాంత్రికంగా తోసిపుచ్చకూడదని 2017లో ఓంప్రకాశ్ కేసులో అంది. అవి లారీలకు సంబంధించిన కేసులు, సూత్రం మాత్రం ఇంటికీ పనికొస్తుంది. తక్కువ డబ్బు ఇస్తూ ‘పూర్తిగా ముట్టింది’ అని సంతకం అడిగితే, మిగతాదానికి అభ్యంతరం ఉందని అదే రోజు మెయిలు పంపండి. అలాంటి రసీదు మీద సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ అడిగే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు చెప్పింది.

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. బదులు రాకపోతే ఐఆర్‌డీఏఐ నెంబరు 155255కు ఫోను చేయండి, లేదా ‘బీమా భరోసా’ పోర్టల్లో పెట్టండి. నెల దాటినా తేలకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆయన ఇచ్చిన తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, నచ్చకపోతే మీకు ఇంకో దారి ఉంటుంది. ఆ దారి ఏలూరులోనే ఉన్న వినియోగదారుల కమిషన్. రెండేళ్ళలోపు వెళ్ళాలి. మీరు కట్టిన సొమ్ము, అంటే ప్రీమియం, 5 లక్షల లోపైతే దాఖలు ఫీజు లేదు. ఇంటి పాలసీకి అంత ప్రీమియం కట్టేవాళ్ళు మన జిల్లాల్లో ఎవరూ ఉండరు. మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. వెళ్ళేటప్పుడు ఫోటోలు తేదీల వరసలో, ఉత్తరాలు వాటి పక్కన, జవాబులు వాటి పక్కన పెట్టి ఒకే ఫైలుగా కుట్టుకుని వెళ్ళండి. మొదటి పేజీలో ఏ రోజు ఏం జరిగిందో పది వరసలకు మించకుండా రాయండి, చివరి వరసలో మీకు రావాల్సిన మొత్తం రూపాయల్లో వేయండి.